తులం ఒకటే, గ్రాములు రెండు: మెట్రిక్ కొలతలపై వర్తకులకు ఒక పాఠం

హైదరాబాదు: హిమాయత్‌నగర్ రోడ్డు మీద లిబర్టీ కూడలి నుంచి నారాయణగూడ వైపు ఉన్న దుకాణాలను వరుసగా చూస్తే, కాగితం మీద అంతా మెట్రిక్ మయంగానే కనిపిస్తుంది. నగల దుకాణంలో బిల్లు గ్రాములలో ఉంటుంది. బట్టల కొట్టులో మీటరు బద్ద ఉంటుంది. కిరాణా పొట్లం మీద గ్రాములు, పాల సంచి మీద మిల్లీలీటర్లు అచ్చువేసి ఉంటాయి. బేగంబజారులోను, ఉస్మాన్‌గంజ్‌లోను, మలక్‌పేట గంజ్‌లోను ధరవరలు పలికేది కిలోకు లేదా క్వింటాలుకు. పాత తూకాలకు చెల్లుబాటు తీసివేసి 1962 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా మెట్రిక్ తూకాలనే తప్పనిసరి చేసి ఆరు దశాబ్దాలు దాటినవి.

అయినా కౌంటరు ముందు నిలబడిన కొనుగోలుదారు నోట వచ్చే మాట వేరు. 'నాలుగు తులాల గాజులు చూపించండి' అంటారు. 'ఆరు గజాల చీర' అంటారు. 'ఒక టిన్ను నూనె', 'ఒక బస్తా బియ్యం', 'రెండు మూరల పూలు', 'ఒక డజను అరటిపళ్లు' అంటారు. మాట ఒక కొలతలో, బిల్లు మరొక కొలతలో నడుస్తున్నవి. ఈ రెంటి నడుమ ఉన్న సందులో ఎవరి సొమ్మో ఒకరిది జారిపోతున్నది. ఒక్కొక్కప్పుడు అది కొనేవారి సొమ్ము, ఒక్కొక్కప్పుడు అమ్మేవారి పేరు. ఈ వారం పాఠం ఆ సందును గురించి.

నోటి మాటలో రెండు రకాలు

పాత మాటలన్నీ ప్రమాదకరం కావు. ముందుగా ఈ తేడా గ్రహించడం అవసరం.

హైదరాబాదులో 'చారాణా కోడికి బారాణా మసాలా' అన్న సామెత వినని వర్తకుడు ఉండడు. అణాలు పోయి 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1964 జూన్ నుంచి 'నయా' కూడా పోయి ఉత్త పైసలు మిగిలినవి. చారాణాకు సరిసమానమైన 25 పైసల నాణెం కూడా 2011 జూన్ 30 తరువాత చెల్లకుండా పోయింది. మాట మాత్రం నిలిచింది. దాని వల్ల నష్టపోయినవారు ఎవరూ లేరు. ఎందుకంటే చారాణా పేరుతో ఈనాడు ఎవరూ లెక్క కట్టడం లేదు.

'పావు', 'అర్ధ' అన్నవి కూడా ఈ కోవలోవే. వెనుకటి పావుశేరు అంటే 20 తులాలు, అనగా సుమారు 233 గ్రాములు. ఈనాటి పావుకిలో 250 గ్రాములు. మాట పాతదైనా దాని వెనుక ఇప్పుడు ఒకే ఒక తూకం ఉన్నది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ 250 గ్రాములనే అనుకుంటున్నారు. కనుక తగాదా లేదు.

రెండవ రకం మాటలు అలా కావు. 'తులం', 'టిన్ను', 'బస్తా' అన్నప్పుడు అవి ఇప్పటికీ లెక్కలోకి వస్తున్నవి. పైగా ఒక్కొక్క మాటకు రెండేసి తూకాలు వాడుకలో ఉన్నవి. ఇద్దరు ఒకే మాట పలికి, రెండు వేరు వేరు బరువులు మనసులో పెట్టుకొని బేరం కుదుర్చుకుంటున్నారు. మెట్రిక్ పద్ధతిని వాడుకలోకి తేవాలంటే పోరాడవలసింది ఈ రెండవ రకం మాటలతోనే. మొదటి రకంతో కాదు.

మూడు మార్పిళ్లు చూసిన ఊరు

ఈ విషయంలో హైదరాబాదు వర్తకులకు ఉన్న అనుభవం దేశంలో చాలా ఊళ్లకు లేదు. 1950వ దశకంలో ఇక్కడి గంజ్ గుమాస్తా చేయవలసిన లెక్కలు తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదటిది నాణెం మార్పిడి. నిజాం కాలపు హాలీ సిక్కా 7 రూపాయలకు కల్దారు 6 రూపాయలు. హాలీ లెక్కను ఆరుతో గుణించి ఏడుతో భాగించందే భారత రూపాయలలోకి రాదు. ఆ హాలీ పూర్తిగా తొలగకముందే అణాల బదులు నయాపైసలు వచ్చినవి. ఒక అణాకు ఆరుంబావు నయాపైసలు. చిల్లరలో పావు పైసా లేదు కనుక ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టికలు అంటించుకొని బేరాలు చేశారు. రెండూ సర్దుకుంటున్న సమయంలోనే తూకాలు మారినవి. 1956 డిసెంబరులో ప్రమాణ తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి ఎంపిక చేసిన ప్రాంతాలలో మెట్రిక్ తూకాలు ఆరంభమయినవి.

అదే 1956లో రాష్ట్రం కూడా మారింది. ఒకే ఆంధ్రప్రదేశ్‌లో రెండు తూకాల కుటుంబాలు కలిసినవి. ఇక్కడ 80 తులాల శేరు, 40 శేర్ల మణుగు, 120 శేర్ల పల్ల. అక్కడ కోస్తాలో, రాయలసీమలో మద్రాసు పద్ధతి: 3 తులాల పలం, 40 పలాల వీశె, 8 వీశెల మణుగు, 20 మణుగుల బారువ. మణుగు అన్న మాట రెండు వైపులా ఉన్నది. ఇక్కడి మణుగు సుమారు 37 కిలోల 300 గ్రాములు. అక్కడి మణుగు సుమారు 11 కిలోల 200 గ్రాములు. బెజవాడ నుంచి బెల్లం తెప్పించుకున్న హైదరాబాదు వర్తకుడు 'వంద మణుగులు' అని కబురు పంపితే ఎంత సరుకు దిగాలి? మూడింతలకు పైగా తేడా. కిలో వచ్చినందువల్ల ఆ ఇద్దరికీ ఒక ఉమ్మడి భాష దొరికింది. మెట్రిక్ పద్ధతి పరాయిదని, పై నుంచి రుద్దినదని అనేవారు ఈ మణుగుల కథ ఒకసారి తలచుకోవాలి.

ఇక కొలపాత్రల సంగతి మరీ చిక్కు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అన్నవి పరిమాణాన్ని కొలిచేవే గాని బరువును కాదు. ఒకే మానికలో బియ్యం ఒక బరువు, కందిపప్పు ఒక బరువు, అటుకులు మరో బరువు. గోపురంగా పోసి ఇచ్చేవాడు ఒకడు, చేత్తో తల కోసి ఇచ్చేవాడు ఇంకొకడు. తూకం వచ్చిన తరువాత ఆ చేతివాటానికి చోటు తగ్గింది.

ఆ రోజులలో నోటి లెక్కకు సులువైన నిష్పత్తులు కొన్ని వర్తకులకు పట్టుబడినవి. 15 శేర్లకు 14 కిలోలు. 5 వీశెలకు 7 కిలోలు. 6 తులాలకు 70 గ్రాములు. ఈ మూడూ దాదాపు సరిగ్గా సరిపోతాయి. పాత ఖాతా పుస్తకాలు చూడవలసి వచ్చినవారికి ఇవి ఇప్పటికీ పనికి వస్తాయి. మొదటి రెండూ ఇక చరిత్ర. మూడవది మాత్రం చరిత్ర కాలేదు. అదే అసలు చిక్కు.

తులం తగాదా

అసలు తులం 180 గ్రెయిన్లు, అనగా 11.6638 గ్రాములు. పాత లెక్కలో తులానికి 12 మాసాలు, మాసానికి 8 రత్తీలు. టోకు బులియన్ వర్తకులు ఎరిగిన 'పది తులాల బిస్కట్టు' బరువు 116.64 గ్రాములు. అక్కడ తులం చెక్కుచెదరలేదు.

చిల్లర నగల వర్తకంలో మాత్రం కాలక్రమాన 'తులం అంటే 10 గ్రాములు' అన్న వాడుక స్థిరపడింది. వాయిదా మార్కెట్‌లో బంగారం ధర 10 గ్రాములకు చెబుతారు, పత్రికలు 10 గ్రాములకు వేస్తాయి. కనుక ఆ పదినే జనం తులం అన్నారు. ఇందులో మోసం ఏమీ లేదు, సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటు. కాని పాత తులం చావకుండానే కొత్త తులం పుట్టింది. రెండూ ఒకే పేరుతో ఒకే వీధిలో తిరుగుతున్నవి.

దీని ఫలితం ఎక్కడ కనిపిస్తుందో చూద్దాం. పెళ్లి మాటలలో అమ్మాయి తరఫువారు 'అయిదు తులాల హారం పెడతాం' అన్నారనుకుందాం. అబ్బాయి తరఫు పెద్దాయన మనసులో ఉన్నది పాత తులం, అంటే 58.32 గ్రాములు. దుకాణంలో తయారైన హారం 50 గ్రాములు. తేడా 8.32 గ్రాములు. లెక్క సులువు కోసం గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే తేడా 83,200 రూపాయలు. ఇద్దరిలో ఎవరూ మాట తప్పలేదు. అయినా పందిట్లో మాట వస్తుంది. ఆ మాట చివరికి వచ్చి వాలేది నగ అమ్మిన దుకాణం మీదనే: 'ఆ సేఠ్ తక్కువ తూచాడు' అని.

వియ్యం గుంటూరు వైపు కలిస్తే మరో మాట చేరుతుంది. కోస్తా జిల్లాలలో బంగారాన్ని కాసులలో చెబుతారు. కాసు అంటే 8 గ్రాములు. దాని మూలం సవరం నాణెం, దాని బరువు 7.988 గ్రాములు. పది కాసులు అంటే 80 గ్రాములు. అది కొత్త తులాల్లో ఎనిమిది, పాత తులాల్లో ఏడుకు కొంచెం తక్కువ. మూడు మాటలు చెప్పుకొని మూడు లెక్కలు వేసుకొనే బదులు 80 గ్రాములు అని ఒక్క మాట అంటే ముగిసిపోయే వ్యవహారం ఇది.

పంపకాలలో తేడా మరీ పెద్దది. 1950వ దశకపు కాగితంలో 'చంద్రహారం ఎనిమిది తులాలు' అని రాసి ఉంటే అది 93.31 గ్రాములు. దానిని ఈనాటి వాడుకలో 80 గ్రాములుగా పట్టి వాటాలు వేస్తే 13 గ్రాములకు పైగా లెక్కలోకి రాకుండా పోతుంది. పాత నగ మార్పిడికి తెచ్చినప్పుడు కొనుగోలుదారు ఇంటి కాగితంలోని తులాలను, దుకాణం కాటాలోని గ్రాములను పోల్చి చూసుకుంటారు. అక్కడ వివరించి చెప్పే ఓపిక వర్తకుడికి ఉండాలి. కాగితం నాటి తులం 11.66 అని ముందే చెబితే అనుమానానికి తావు ఉండదు.

మజూరీలో ఇంకొక మెలిక ఉన్నది. దీనిని చాలామంది గమనించరు. తులానికి 5,000 రూపాయల మజూరీ అని మాట అనుకున్నారనుకోండి. తులం 11.66 గ్రాములైతే గ్రాముకు పడేది సుమారు 429 రూపాయలు. తులం 10 గ్రాములైతే పడేది 500 రూపాయలు. అంకె మారలేదు, తులం కుదించుకుపోయింది, మజూరీ వందకు పదహారు వంతులకు పైగా పెరిగింది. పనివాడికి ఇచ్చేటప్పుడు ఒక తులం, కొనేవారి దగ్గర తీసుకొనేటప్పుడు ఒక తులం ఉన్నచోట ఈ తేడా ఎవరి గల్లాలో పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. మజూరీని గ్రాముకు ఇంత అని గాని, ధరలో నూటికి ఇంత అని గాని చెప్పడమే మర్యాద.

వెండి విషయంలోను ఇదే వరస. టోకున వెండి కిలోకు పలుకుతుంది, చిల్లరలో 'పది తులాల పట్టీలు' అంటారు. ధర తక్కువ కనుక తగాదా కూడా తక్కువ.

ఇంకొక మాట. బంగారం ప్రపంచ ధర ఔన్సులలో వస్తుంది. అది ట్రాయ్ ఔన్సు, 31.1035 గ్రాములు. వంటింటి ఔన్సు 28.35 గ్రాములు. రెండూ ఔన్సులే. తులాన్ని మనం ఎగతాళి చేయనక్కరలేదు, పాశ్చాత్యుల ఇంట్లోనూ ఇదే తంతు.

టిన్నులో కిలోలా, లీటర్లా?

నూనె వర్తకంలో ఉన్న చిక్కు తులం వంటిది కాదు. ఇక్కడ రెండూ మెట్రిక్ కొలతలే. అయినా కొనేవారు బోల్తా పడుతున్నారు.

నూనె నీటి కంటె తేలిక. మామూలు వేడిలో లీటరు వేరుశెనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. బజారులో 15 కిలోల టిన్ను ఉన్నది, 15 లీటర్ల టిన్ను కూడా ఉన్నది. రెండూ చూపుకు ఒక్కటే. లీటర్ల టిన్నులో ఉన్న నూనె 13 కిలోల 650 గ్రాములు. అంటే 1 కిలో 350 గ్రాములు తక్కువ.

ఒక ఊహా ధరతో చూద్దాం. 15 కిలోల టిన్ను 2,400 రూపాయలు. పక్కనే 15 లీటర్ల టిన్ను 2,250 రూపాయలు. హోటలు యజమాని రెండవది 150 రూపాయలు చవక అనుకొని తీసుకుంటాడు. మొదటిది కిలోకు 160 రూపాయలు పడింది. రెండవది కిలోకు సుమారు 164 రూపాయల 84 పైసలు పడింది. చవక అనుకున్నదే ఖరీదు. ఈ మాట కొనేవారికి ముందుగా చెప్పే వర్తకుడికి ఆ రోజు ఒక టిన్ను బేరం పోవచ్చు. కాని తరువాత తెలుసుకున్న హోటలు యజమాని మళ్లీ ఎవరి దుకాణానికి వెళతాడో ఆలోచించుకోవాలి.

వేడి పెరిగితే నూనె వ్యాకోచిస్తుంది, లీటరులో పట్టే బరువు తగ్గుతుంది. ఈ సంగతి ఆధారంగా పొట్లం మీద పరిమాణంతో పాటు ఏదో ఒక ఎక్కువ ఉష్ణోగ్రతను అచ్చువేసి తక్కువ బరువు నింపే అలవాటు బయలుదేరింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనిని గమనించి, ఉష్ణోగ్రత పేర్కొనకుండా పరిమాణాన్ని, బరువును సరిగా చూపాలని కంపెనీలను ఆదేశించింది. నూనె పొట్లం కొనేటప్పుడు మిల్లీలీటర్ల పక్కన ఉన్న గ్రాముల అంకెను చూడడం గృహిణులకు నేర్పితే చాలు, సగం పాఠం అయినట్టే.

పాలది ఇందుకు తలకిందులు. లీటరు పాలు సుమారు 1 కిలో 30 గ్రాములు. కిలోల లెక్కన సేకరించి లీటర్ల లెక్కన అమ్మే చోట ఈ ముప్ఫై గ్రాములు గుర్తుంచుకోవాలి.

బస్తా అనేది కొలత కాదు

బస్తా అన్నది ఒక సంచి, అంతే. కోస్తా రైతు ఎకరానికి 35 బస్తాలు పండినవంటే అతడి లెక్క సాధారణంగా 75 కిలోల బస్తా, అనగా 26 క్వింటాళ్ల 25 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రంలో ధాన్యం నింపే సంచి 40 కిలోలది. అక్కడ 35 బస్తాలు అంటే 14 క్వింటాళ్లు. రెండు జిల్లాల దిగుబడులను బస్తాలలో పోల్చి మాట్లాడే దళారీలు పొరపాటు అంచనాలకు రావడంలో వింత లేదు.

బియ్యం సంచి కథ మరింత తాజాది. 2022 జూలై 18 నుంచి లేబులు వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే పడదు. కొద్ది రోజులలోనే తెలుగు రాష్ట్రాల బజారులో 26 కిలోల సంచి ప్రత్యక్షమైంది. చట్టం దృష్టిలో అది సక్రమమే. కాని ఇరవై అయిదు కిలోల సంచి ధర నోటికి వచ్చిన ఇల్లాలికి ఇప్పుడు పోలిక కుదరదు. 25 కిలోలు 1,400 రూపాయలైతే కిలో 56. 26 కిలోలు 1,450 రూపాయలైతే కిలో 55 రూపాయల 77 పైసలు. సంచి ధర చూస్తే ఎక్కువ, కిలో ధర చూస్తే తక్కువ. సంచి మీద కాక కిలో మీద మాట్లాడితేనే పోలిక నిలుస్తుంది.

పొట్లాల మీద ఒక్కొక్క ప్రమాణానికి ఎంత పడుతుందో అచ్చువేయాలన్న నిబంధన ఈ కారణంగానే వచ్చింది. 1976 చట్టం, 1977 ప్యాకెట్ సరుకుల నిబంధనల తరువాత, 2009 లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. దాని కింది నిబంధనలకు 2021 నవంబరులో చేసిన సవరణలో ఈ ప్రమాణ ధరను చేర్చారు. కిలోకు తక్కువైన పొట్లానికి గ్రాము ధర, ఎక్కువైన దానికి కిలో ధర. కొన్ని సరుకులకు ఇన్ని గ్రాముల పొట్లాలే కట్టాలన్న పాత నిర్ణీత పరిమాణాలను అదే సవరణలో ఎత్తివేశారు. కనుక 450 గ్రాములు, 910 గ్రాములు, 850 గ్రాములు అని వింత అంకెల పొట్లాలు ఎన్నయినా రావచ్చు. ఇకమీదట కొనేవారికి పొట్లం సైజు ఆనవాలు కాదు, ప్రమాణ ధరే ఆనవాలు. ఆ అంకె చిన్న అక్షరాలలో మూలన ఉండిపోతున్నది. దుకాణదారు అరకు అంటించే ధర చీటీలో దానిని పెద్దదిగా రాస్తే తప్పు పట్టేవారు లేరు.

గజం, మూర, డజను

బట్టల వర్తకం బాగా సర్దుకుంది. గజం అంటే 91.44 సెంటీమీటర్లు. 'ఆరు గజాల చీర' అసలు 5.49 మీటర్లు, కనుక అయిదున్నర మీటర్లు అన్నా తేడా రాదు. రవికె గుడ్డ కలిసి ఉన్నదా లేదా అన్నదే అక్కడ అడగవలసిన ప్రశ్న. స్థలాల బేరంలో గజం ఇంకా రాజ్యం చేస్తున్నది. 200 గజాలు అంటే 167 చదరపు మీటర్లు. అది మన పేజీ పరిధి కాదు.

పూల మూర సంగతి చెప్పుకోవాలి. మూర అమ్మేవారి మోచేయి కొలత. పొడుగు చేయి ఉన్న అవ్వ దగ్గర కొంటే లాభం. చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రమాణ కొలతలలో తప్ప ధర చెప్పకూడదు. అయినా బుట్ట నెత్తిన పెట్టుకొని తిరిగే పూలమ్మి మీదికి చట్టం పుస్తకం తీసుకు వెళ్లాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. కొనే ఆమె కళ్లెదుటే కొలత జరుగుతున్నది, చేయి పొడవు కనిపిస్తున్నది. దాచినది ఏమీ లేదు. తులం అలాంటిది కాదు.

పావు ధర చెప్పి కిలో ధర దాచే అలవాటును మాత్రం ఉపేక్షించకూడదు. కూరగాయల బండి వద్ద 'పావు ముప్ఫై' అంటారు. కిలో 120 అని నోరు విప్పి చెప్పరు. తూకం ప్రమాణమైనదే, చట్టం మీరలేదు. కాని వినేవారి మనసులో ముప్ఫై మాత్రమే నిలుస్తుంది. ఎండు పండ్ల దుకాణంలో 100 గ్రాముల ధర రాయడం ఇదే వరస.

మాట మార్చేది ఎవరు?

ప్రకటనలు, పోస్టర్లు, బడి పుస్తకాలు తమ పని తాము చేసినవి. బడిలో చదువుకున్న పిల్లవాడు మిల్లీగ్రాము నుంచి టన్ను దాకా అప్పజెబుతాడు, ఇంటికి వచ్చి 'అమ్మ తులం గొలుసు' అంటాడు. ఎందుకంటే కొలత భాష నేర్చుకొనేది బడిలో కాదు, కౌంటరు దగ్గర. అందువల్ల ఈ బాధ్యత వర్తకుల మీద ఉన్నదని చెప్పక తప్పదు.

చేయవలసినది కష్టమైన పని కాదు. కొనుగోలుదారు 'నాలుగు తులాలలో చూపించండి' అంటే సేల్స్‌మన్ 'ఇవి 40 గ్రాములలో ఉన్నాయమ్మా' అని బదులు చెప్పాలి. వాదించనక్కరలేదు, సరిదిద్దనక్కరలేదు. వినిపించిన మాటను మెట్రిక్‌లో తిరిగి వినిపిస్తే సరిపోతుంది. ఆమెకు పాత తులం కావాలంటే అప్పుడే 'మాకు 46 గ్రాములకు పైగా కావాలి' అని చెబుతుంది. తగాదా పందిట్లో కాక కౌంటరు దగ్గరే తీరిపోతుంది. అడ్వాన్సు చీటీ మీద 'తు.' అని పొట్టి అక్షరం రాసే అలవాటు కొన్ని దుకాణాల్లో ఇంకా ఉన్నది. ఆ చీటీయే రేపు సాక్ష్యం. గ్రాములు రాయాలి.

కిరాణాలో లెక్క గట్టి చెప్పేటప్పుడు కిలో ధరను ముందు చెప్పి పావు ధరను తరువాత చెప్పాలి. నూనె దుకాణంలో టిన్నుల వరుసలో కిలోల టిన్నులు ఒక వైపు, లీటర్ల టిన్నులు ఒక వైపు ఉంచాలి. ఎలక్ట్రానిక్ కాటా అద్దం కొనేవారి వైపు తిప్పి, పళ్లెం ఉత్తగా ఉన్నప్పుడు సున్నా చూపించాలి. వెనుకటి ఆరు పలకల ఇనుప గుండు మీద ముద్ర చూసి నమ్మినట్టే ఇప్పుడు ఆ సున్నా చూసి నమ్ముతారు.

మాటను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి వర్తకం బయటి ఉదాహరణ ఒకటి ఉన్నది. 1983 జూలై 23న కెనడాలో ఒక ఎయిర్ కెనడా విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా, లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు పౌండ్ల గుణకం వాడారు. కిలోలు అనుకున్నవి నిజానికి పౌండ్లు. సగానికి తక్కువ ఇంధనంతో ఎగిరి, ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయి, గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో గాలిలో జారుతూ దిగవలసి వచ్చింది. పైలట్ల నేర్పు వల్ల అందరూ బతికారు. అంకె సరిగానే ఉన్నది, అంకె పక్కన ఉండవలసిన మాట తప్పింది.

అభ్యాసం

నేర్చుకున్న గుమాస్తాలు కింది లెక్కలు కాగితం మీద చేసి చూసుకోవచ్చు. ధరలు లెక్క కోసం అనుకున్నవే, మార్కెట్ ధరలు కావు.

పాత కాగితంలో 'గొలుసు 3 తులాలు' అని ఉన్నది. దుకాణం కాటాలో 34.6 గ్రాములు వచ్చినవి. తూకం తగ్గిందా? మూడు పాత తులాలు 35 గ్రాములు. అరిగింది 0.4 గ్రాము. ఏళ్ల తరబడి మెడలో ఉన్న గొలుసుకు ఇది సహజమైన అరుగుదల. తులం పది గ్రాములు అనుకొని చూసిన గుమాస్తా, నగ 4.6 గ్రాములు ఎక్కువ ఉన్నదని తెల్లబోతాడు.

వేరుశెనగ నూనె లీటరు పొట్లం 155 రూపాయలు, కిలో డబ్బా 168 రూపాయలు. ఏది చవక? 155ను 0.91తో భాగిస్తే కిలోకు 170 రూపాయల 33 పైసలు. కిలో డబ్బాయే చవక.

పత్తి వర్తకులకు చివరి లెక్క. దూది ధర ఇప్పటికీ 356 కిలోల క్యాండీకి చెబుతారు. రైతు గింజపత్తిని క్వింటాలుకు అమ్ముతాడు. క్యాండీ 56,960 రూపాయలు పలికితే క్వింటాలు దూది ధర ఎంత? 56,960ని 3.56తో భాగిస్తే 16,000 రూపాయలు. క్వింటాలు గింజపత్తిలో 34 కిలోల దూది దిగుతుందనుకుంటే దూది విలువ 5,440 రూపాయలు. గింజల ధర, జిన్నింగ్ ఖర్చు దీనికి కలిపి, తీసివేసి చూసుకుంటే, ఆ రోజు ఆదిలాబాదు యార్డులో గింజపత్తికి ఎంత వరకు పాడవచ్చో తేలుతుంది.